సూచికమ్మ గారి పన్నెండు రోజుల సెలవు

నీటి సరఫరా కార్యాలయం రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు, పటాల గది ఉంది. అందులో నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు, ఎండకు వెలిసిపోయిన ఆకుపచ్చ కర్టెను, సూచికమ్మ గారు ఉంటారు. వీటిలో మొదటి మూడింటినీ ఎప్పుడైనా మార్చవచ్చు. నాలుగోవారిని ఒక పూట పక్కకు జరపడం కూడా కుదిరే పని కాదని పద్దెనిమిదేళ్ళుగా ఆ కార్యాలయం నమ్మకం. ఆ నమ్మకం మీద ఆవిడ గెలిచిన తీరు ఎక్కడో ఒకచోట రాసి ఉంచడం న్యాయం.

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడది సిరాపని. ట్రేసింగు కాగితం మీద ఊపిరి బిగబట్టి పైపులు గీసేవారు. తుమ్ము వస్తే ముందు కలం పక్కన పెట్టి, తర్వాత తుమ్మేవారు. ఆ క్రమశిక్షణ ఇంట్లో ఇప్పటికీ ఉంది. తర్వాత కంప్యూటర్లో పటాలు గీసే సాఫ్ట్‌వేరు వచ్చింది. తెర నిండా ఊరి పటం, దాని అడుగున నాలుగు వేళ్ళ వెడల్పున ఒక నల్ల పట్టీ. ఆ పట్టీ పేరు కన్సోలు. చిన్నా చితకా పనులు మౌసుతో అవుతాయి. మిగతావి, అంటే అసలు పనులన్నీ, ఆ పట్టీలో కమాండు టైపు చేస్తేనే అవుతాయి.

కమాండ్లు నాలుగు వందల పన్నెండు. అన్నిటికీ పొడుగాటి పేర్లే. ఒకదానికైతే ముప్పై ఒక్క అక్షరాలు, నడుమ రెండు చోట్ల అండర్‌స్కోరు అనే అడుగు గీతలు. ఎక్కడ పొరపాటు జరిగినా పట్టీ ఎర్రబడి, తనకేమీ తెలియదని ఒక ముక్క చెప్పి ఊరుకునేది. ఏం తెలియలేదో చెప్పేది కాదు. అలిగిన అల్లుడైనా రెండోసారి అడిగితే ఏదో ఒకటి గొణుగుతాడు.

సూచికమ్మ గారు ఒక పొడవాటి నోటుబుక్కు కొని, కమాండ్లన్నీ ఒక్కొక్కటిగా రాసుకున్నారు. ఏడాది తిరిగేసరికి, పక్కన ఎప్పుడైనా ఒక ముక్క రాసుకోవడానికి తప్ప, పుస్తకం తెరవాల్సిన అవసరం ఆవిడకు లేకపోయింది. మిగతా మూడు బల్లలవాళ్ళకు ఆ సంగతి తెలిసిపోయింది. అక్కడితో వాళ్ళు గుర్తుపెట్టుకోవడం మానేసి, ఆవిడకు సూచికమ్మ గారని పేరు పెట్టేశారు.

ఆ మూడు బల్లల్లో మొదటిది సర్వేయరుది. పూర్వం నేలను గొలుసుతో కొలిచిన రోజుల్లో చేరిన మనిషి కావడంతో ఆయన గొలుసుగారయ్యారు. గొలుసు పోయి చాలాకాలమైంది, పేరు ఉండిపోయింది. రెండో బల్ల ఫిర్యాదుల గుమాస్తాది. ఎక్కడ పైపు పగిలిందని ఫోను వచ్చినా పటంలో ఆ చోటు వెతికి, మూయాల్సిన వాల్వులు చెప్పేది ఆవిడే. మూడో బల్ల కొత్తాయనది. ఆయన చేరి తొమ్మిదేళ్ళయింది.

రోజుకు ముప్పైసార్లు ఏదో ఒక బల్ల నుంచి కేక వచ్చేది. పగిలిన పైపుకు అటూ ఇటూ వాల్వులు చూపించేదేమిటని ఒకరు, ఫలానా సంవత్సరం ముందు వేసిన పైపులు ఏరేదేమిటని ఒకరు. సూచికమ్మ గారు తలెత్తకుండా అక్షరం అక్షరం చెప్పేవారు. అడిగినవాళ్ళు విన్నది విన్నట్టు కొట్టి, ఎంటరు నొక్కేవారు. చెవికీ వేలికీ మధ్య ఆలోచన అనే మెట్టు ఉండేది కాదు. ఈ అలవాటును కాస్త గుర్తుంచుకోవాలి. కొన్ని పేరాల తర్వాత దీనివల్ల ఒక నీళ్ళ ట్యాంకు చెరువులో పడబోతోంది.

ఆవిడ ఎక్కడున్నా ఈ కేకలు తప్పేవి కావు. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర, నోట్లో రెండు దూది ఉండలు, ఒక గొట్టం, డాక్టరుగారి రెండు వేళ్ళు ఉండగా సంచిలో ఫోను మోగింది. పైపు పగిలింది డాక్టరుగారి వీధిలోనేనని తేలింది. ఆవిడ మందుల చీటీ వెనక కమాండు రాశారు. డాక్టరుగారు చికిత్స ఆపి, అడుగు గీతలతో సహా ఫోనులో చదివి వినిపించారు. వైద్యచరిత్రలో దీనికి చోటు దొరకకపోవచ్చు గానీ, పావుగంటలో ఆ వీధిలో వరద ఆగింది.

ఇంతటి మనిషికి ఒకటే కోరిక. పద్నాలుగో నంబరు షీటులో ఊరి నది ఎడమ పైమూల నుంచి వచ్చి కుడి కిందిమూల దగ్గర అంచును తాకుతుంది. తాకిన చోట ఒక సన్న బాణం గుర్తు. ఉద్యోగంలో చేరిన ఏడాది ఆ బాణాన్ని నీలం సిరాతో గీసింది సూచికమ్మ గారే. ఆ అంచుకు అవతల నది ఎటు పోతుందో, ఎలా ఉంటుందో ఆవిడ ఒక్కసారీ చూడలేదు. ఆవిడ భర్త దర్జీ. ఇంటి కింద కొట్లో కుట్టుమిషను ముందు కూర్చునే ఆయనకు నడకంటే మహా ఇష్టం, నడిచేందుకు మాత్రం జాగా లేదు. ఇద్దరూ కలిసి నది గట్టు వెంబడి సముద్రం దాకా నడిచి వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. దానికి పన్నెండు రోజులు కావాలి. ఆయన మిగిలిపోయిన కాన్వాసు గుడ్డతో రెండు భుజం సంచులు కుట్టారు. ఒక్కోదానికి ఏడేసి జేబులు. ఇది మూడేళ్ళ కిందటి మాట. సంచులు పడకగది తలుపు వెనక వేలాడుతూనే ఉన్నాయి. ఒకదానిలో బట్టల క్లిప్పులు కాపురం పెట్టేశాయి.

సెలవు అడిగినప్పుడల్లా పెద్దసారు కాగితం మీద "తర్వాత చూద్దాం" అని రాసేవారు. చెడ్డవారేం కాదు. అంతకుముందు ఏడాది సూచికమ్మ గారు జ్వరంతో మూడు రోజులు రాకపోతే, గదివాళ్ళు ఒక వాల్వుకు బదులు ఇంకోటి మూయించారు. ఒక వీధి వీధంతా సబ్బు మొహాలతో గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. ఆ మొహాల్లో ఒకటి పెద్దసారుది.

నాలుగోసారి ఆవిడ కాగితం పట్టుకుని వెళ్ళి, తనకు యాభై ఆరేళ్ళని, మోకాళ్ళు ప్రస్తుతానికి తన మాట వింటున్నాయని, వచ్చే ఏడాది సంగతి వాటినే అడగాలని చెప్పారు. పెద్దసారు ఒక షరతు పెట్టారు. పటాల గదిలో ఒక్కరోజు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఎవరూ ఆవిడను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పని జరగాలి. అదే సాయంత్రం సంతకం పెడతానన్నారు. మాట తేడా రాకుండా షరతును కాగితం మీద కూడా రాసిచ్చారు: "గదిలో ఉన్నవారు ఎవరైనా సరే, ఆవిడను ఒక్క ప్రశ్న కూడా అడగరాదు."

పై అంతస్తులో ఆ సాఫ్ట్‌వేరు బాగోగులు చూసే ప్రోగ్రామరు ఒక అమ్మాయి ఉంది. దర్జీగారి అక్క కూతురు. ఆఫీసులో సూచికమ్మ గారిని మేడం అంటుంది. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మెట్ల మలుపు తిరగగానే అత్తయ్య అంటుంది. ఆ మలుపులోనే సంగతంతా విన్నది.

"నీ బుర్రలో ఉన్నది కన్సోలులో పెట్టేస్తే సరిపోతుందిగా, అత్తయ్యా."

"పెట్టవే. ఖాళీ అయిన చోట ఇంకేదన్నా పెట్టుకుంటాను."

అమ్మాయి చెప్పిన ఉపాయం లోకానికి కొత్తది కాదు. ఫోనులో క్షేమసమాచారం రాయబోతే సగం మాట దగ్గరే ఫోను మిగతాది పూర్తిచేసి చూపిస్తుంది. అలాగే కన్సోలులో మూడక్షరాలు కొట్టగానే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఆ అక్షరాలతో మొదలయ్యే కమాండ్లన్నీ అందులో వరసగా కనిపిస్తాయి. కావలసింది ఎంచుకుంటే మిగతా అక్షరాలు అదే కొట్టుకుంటుంది. తొమ్మిది రోజులు కష్టపడి ఆ పని పూర్తిచేసింది.

పరీక్ష సోమవారం పెట్టారు. ప్రశ్నలు లెక్కపెట్టే బాధ్యత కొత్తాయనకు అప్పగించారు. అందరికంటే ఎక్కువ అడిగేది ఆయనే కాబట్టి ఆ పదవికి ఆయనకున్న అనుభవం ఇంకెవరికీ లేదు. తెల్లబోర్డు పక్కన మార్కరు పట్టుకుని, ద్వారపాలకుడిలా నిలబడ్డారు.

తొమ్మిదింబావుకు ఫిర్యాదుల గుమాస్తా మూడక్షరాలు కొట్టారు. పెట్టె తెరుచుకుంది. అక్షరక్రమంలో పదిహేడు పేర్లు కనిపించాయి. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ వేలికి తెలిసింది ఒకటే, వచ్చింది వచ్చినట్టు ఎంటరు నొక్కడం. వరసలో మొదట ఉన్నది పటాన్ని పక్కకు జరిపే కమాండు. ఎంత జరపాలో చెప్పకపోతే తానే వెయ్యి మీటర్లు జరిపే ఉదారత దానికుంది. ఊళ్ళోని పైపులన్నీ కలిసికట్టుగా కిలోమీటరు తూర్పుకు నడిచాయి. నీళ్ళ ట్యాంకు చెరువు నడిమధ్యకు చేరింది. శుద్ధి కేంద్రం సినిమా హాలులో బాల్కనీ దగ్గర ఆగింది. పటంలోనే కాబట్టి ఎవరి కుళాయీ కదల్లేదు. ఒక్క మీటతో అంతా వెనక్కు వచ్చింది. కానీ గదికి దడుపు పట్టుకుంది.

అక్కణ్ణుంచి ఎవరూ ధైర్యం చేయలేదు. పెట్టె తెరుచుకున్న ప్రతిసారీ, ఈ పదిహేడింటిలో ఏది నొక్కాలి, దీనికీ కింది దానికీ తేడా ఏమిటి, ఇది నొక్కితే మళ్ళీ చెరువులో పడతామా అని అడగడం మొదలైంది. మామూలు రోజున ముప్పై ప్రశ్నలు వచ్చే గదిలో మధ్యాహ్న భోజనానికే నలభై మూడు గీతలు పడ్డాయి. వాటిలో పంతొమ్మిది కొత్తాయన తన మీద తానే నిజాయితీగా గీసుకున్నవి. పెద్దసారు గుమ్మంలోంచి బోర్డు వంక చూసి, గీతలు ఒకసారి లెక్కపెట్టుకుని వెళ్ళిపోయారు.

మెట్ల మలుపులో అమ్మాయి మొహం వేలాడేసుకుని నిలబడింది.

"నువ్వు వాళ్ళకి పేర్లిచ్చావు," అన్నారు సూచికమ్మ గారు. "వాళ్ళక్కావాల్సింది పేర్లు కాదే."

"మరి ఇన్నేళ్ళూ అడిగిందేమిటి?"

"ఇప్పుడేం చెయ్యమంటారు అని అడిగారు. నేను పేరు చెప్పేదాన్ని."

ఆ సాయంత్రమే నోటుబుక్కు అమ్మాయి చేతికి వచ్చింది. అందులో ప్రతి కమాండు పక్కనా సన్నటి అక్షరాల్లో, అది ఎప్పుడు వాడాలో, వాడాక ఏం సరిచూసుకోవాలో, దేనితో పొరబడతారో రాసి ఉంది. అంతకంటే ముఖ్యమైన సంగతి అమ్మాయి కంటికి ఇంకోటి కనిపించింది. తొలి ఏడాదిలో తిరగేసి తిరగేసి పేజీల అంచులు మాసిపోయాయి. అయితే అన్నీ ఒకేలా మాయలేదు. వాల్వుల పేజీ అంచు నల్లగా నిగనిగలాడుతోంది. దాని మీద మూడు టీ గ్లాసుల వలయాలు కూడా ఉన్నాయి. పటం జరిపే కమాండు ఉన్న పేజీ మాత్రం కొన్ననాటి తెలుపు పోకుండా ఉంది.

అమ్మాయి అక్షరక్రమాన్ని తీసేసి, మురికి క్రమం పెట్టింది. ఎంత మాసిన పేజీ అయితే ఆ కమాండు అంత పైన. తెల్ల పేజీలన్నీ అడుగున. ఎంటరు నొక్కితే ఎంపిక కాదు, ట్యాబు నొక్కితేనే. పటం జరిపే కమాండును మాత్రం అక్షరమక్షరం చేత్తో కొడితే తప్ప కదలనీయలేదు. ప్రతి పేరు పక్కనా సూచికమ్మ గారి వివరణ కనిపించేట్టు, ఇకముందు గదిలో ఎవరైనా తమ మాట కూడా అక్కడ చేర్చగలిగేట్టు ఏర్పాటు చేసింది.

నాలుగు వందల పన్నెండు వివరణలు ఎక్కించడానికి రెండు ఆదివారాలు పట్టింది. పని అత్తయ్య ఇంటి కింద కొట్లోనే సాగింది. దర్జీగారు పుస్తకం చదివారు, అమ్మాయి టైపు చేసింది. ఇక్కడొక వృత్తిధర్మం అడ్డొచ్చింది. దర్జీ కొలతలు చెబుతుంటే రాసుకునేవాళ్ళు రాసుకోవాలి తప్ప ఆలోచించకూడదు. చెప్పేవాడు కూడా టేపు మీద ఉన్నది చెప్పాలి తప్ప, నడుము ఇంతుందేమిటని వ్యాఖ్యానించకూడదు. ఆయన ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ ప్రతి ముక్కా ఒకే గొంతుతో చదివారు. అమ్మాయి ఒకే వేగంతో కొట్టింది. సూచికమ్మ గారు పైన బట్టల క్లిప్పులు సంచిలోంచి తీసి డబ్బాలో సర్దుతున్నారు. పద్దెనిమిదేళ్ళ కిందట మొదలుపెట్టిన పుస్తకంలో ఏమేం రాశారో ఆవిడకే గుర్తులేదు.

పెద్దసారు ఒప్పుకున్న రెండో పరీక్ష గురువారం. పది గంటలైనా బోర్డు మీద గీత పడలేదు. గదిలో ఇంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. పంకా చప్పుడు చేస్తుందని ఆరోజే తెలిసింది. పదింబావుకు గొలుసుగారు మూడక్షరాలు కొట్టి పెట్టెలోకి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చూశారు. ఆయనకు కావలసిన కమాండే పైన ఉంది. పక్కన వివరణ ఉంది: "ఇది గొలుసుగారి కోసం. మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నవ్వుతూ చెప్పాలి."

ఆయన సూచికమ్మ గారి వైపు తిరిగారు. నోరు తెరిచారు. బోర్డు దగ్గర మార్కరు మూత ఊడిన చప్పుడైంది. ఆయన నోరు మూసుకుని పని చేసుకున్నారు. ఆవిడ నదిని చూడాలని కోరుకునేవాళ్ళలో ఆయనా ఒకరు. ఆ సంగతి మాటల్లో ఎన్నడూ చెప్పలేదంతే.

పదకొండింటికి కొత్తాయన వంతు వచ్చింది. పెట్టెలో ఆయనకు కనిపించింది ఇది: "కొత్తాయన అడిగితే ముందు టీ తాగి రమ్మనాలి. తాగేలోపు ఆయనకే గుర్తొస్తుంది." ఆయన వెళ్ళి టీ తాగి వచ్చారు. గుర్తొచ్చింది. మొహంలో ఆశ్చర్యం కనిపించింది గానీ, దాన్ని ప్రశ్నగా మారనివ్వలేదు. ఫిర్యాదుల గుమాస్తా ఏం చదివారో గాని, మధ్యాహ్నం దాకా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునే పని చేశారు.

మూడు గంటలకు సూచికమ్మ గారు తన కన్సోలులో ఏదో పనికి మూడక్షరాలు కొట్టి, తాను రాసింది తానే చదువుకున్నారు. మెట్ల మలుపుకు పరుగున వెళ్ళి అమ్మాయిని పిలిచారు. అమ్మాయి సంగతి విని తల పట్టుకుంది. ఆ వివరణలు తీసేయడం పెద్ద పనేం కాదట. అయితే అందరి కన్సోళ్ళూ అరగంట ఆపాలి. ఆపితే గది ఆగుతుంది, గది ఆగితే ప్రశ్నలు మొదలవుతాయి.

"ఇంకెంతసేపే?"

"రెండు గంటలు, అత్తయ్యా."

"పెద్దసారు మీద ఏమన్నా రాశానా?"

"మామయ్య చదివాడు. నేను కొట్టాను. మాకేం తెలుసు?"

నాలుగున్నరకు పెద్దసారు స్వయంగా వచ్చారు. బోర్డు చూశారు. తెల్లగా ఉంది. నమ్మకం కుదరక, తానే ఒక పని చేసి చూస్తానని సూచికమ్మ గారి కుర్చీలో కూర్చున్నారు. ఊరంతటి నీటి ఒత్తిడి రంగుల్లో చూపించే పటమంటే ఆయనకు ప్రాణం. నెలకోసారైనా అడుగుతారు. మూడక్షరాలు ఏవో గుర్తుచేసుకుని ఒంటివేలితో కొట్టారు. పెట్టె తెరుచుకుంది. ఆయన ముందుకు వంగి చదివారు. వెనక్కు జరిగి మళ్ళీ చదివారు. ఆయన భుజం మీదుగా గది మొత్తం చదివింది.

"పెద్దసారు అడిగేది ఇదే. గంటన్నర పడుతుంది. దీని కిందిది ఇస్తే రెండు నిమిషాలు. ఆయనకు కావలసింది రంగులే."

పంకా తిరుగుతోంది. పెద్దసారు కుర్చీతో సహా మెల్లగా ఇటు తిరిగారు.

"సూచికమ్మ గారూ, ఇది..."

"సార్," అన్నారు సూచికమ్మ గారు. "అడిగితే లెక్కలోకి వస్తుంది."

కొత్తాయన బోర్డు మీదికి మార్కరు ఎత్తి పట్టుకున్నారు. ఆయన మొహంలో న్యాయమూర్తులకు ఉండే నిర్దయ ఉంది. గదిలో ఉన్నవారు ఎవరైనా సరే అని రాసిచ్చింది పెద్దసారే. రాసినప్పుడు ఆ మాట తన మీద వాలుతుందని ఆయన అనుకుని ఉండరు. నోటిదాకా వచ్చిన ప్రశ్నను ఆయన మింగడం అందరికీ కనిపించింది. చిన్నదేం కాదు, దిగడానికి టైము పట్టింది.

"నేనేం అడగలేదు," అన్నారు చివరికి. "చదువుతున్నాను."

మళ్ళీ తెర వైపు తిరిగి, కిందిది ఎంచుకుని, ట్యాబు నొక్కి, ఎంటరు నొక్కారు. రెండు నిమిషాలకు ఊరు నీలం, పసుపు, నారింజ రంగుల్లో పరుచుకుంది. ఆయన చాలాసేపు చూశారు. రంగులు నిజంగానే బావున్నాయని ఒప్పుకున్నారు. ఐదున్నరకు సెలవు కాగితం మీద సంతకం పెట్టి, కింద ఒక వాక్యం జోడించారు: "తిరిగి వచ్చాక ఒక విషయం అడగవలసి ఉంది."

సోమవారం పొద్దున్నే దంపతులిద్దరూ ఏడేసి జేబుల సంచులు భుజాన వేసుకుని బయల్దేరారు. పద్నాలుగో షీటు అంచు ఎక్కడొస్తుందో సూచికమ్మ గారికి అడుగుతో సహా తెలుసు. బాణం గుర్తు ఉండాల్సిన చోట ఎవరో లారీ కడుగుతున్నారు. ఆవిడ ఆగి, చెప్పులు సరిచేసుకుని, జాగ్రత్తగా కాలెత్తి అవతల పెట్టారు. ఏమైనా తేడా తెలిసిందేమిటని దర్జీగారు అడిగారు. ఇక్కణ్ణుంచి తాను గీయని నీళ్ళని ఆవిడ చెప్పారు. ఆయన తలూపి, నడక వేగం పెంచారు.

మొదటి రెండు రోజులూ ఫోను మోగనందుకు ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు. మూడో రోజు ఫోను పనిచేస్తోందో లేదో చూసుకున్నారు. నాలుగో రోజు భర్త చేత ఒకసారి మోగించుకున్నారు. ఐదో రోజు మధ్యాహ్నం నది ఒకచోట రెండుగా చీలి, రెండు పాయలూ సమానమైన వెడల్పుతో, సమానమైన అమాయకత్వంతో చెరోవైపు పోయాయి. దారిలో అడగడానికి మనిషి లేడు. సూచికమ్మ గారు రాయి మీద కూర్చుని పటాల గదికి ఫోను చేశారు.

ఫిర్యాదుల గుమాస్తా ఫోనెత్తి, అందరికీ వినపడేలా పెట్టారు. సూచికమ్మ గారు తాను చూస్తున్నదంతా చెప్పి, సముద్రానికి పోయేది ఏ పాయో చెప్పమన్నారు. అవతల కుర్చీలు దగ్గరకు జరిగిన చప్పుడైంది. నది దిగువ షీట్లు ఆ గదిలో ఎప్పుడూ లేవు. గొలుసుగారు ఆ వారమే పక్క జిల్లావాళ్ళను బతిమాలి తెప్పించి, కన్సోలులో ఎక్కించి పెట్టారట. ఎందుకో చెప్పలేదు. మూడక్షరాలు కొట్టిన టకటక వినిపించింది.

"ఎడమదండీ," అన్నారు గొలుసుగారు. "కుడిది పదకొండు కిలోమీటర్లు పోయి బురదలో ఆగిపోతుంది. ఈ కమాండు పక్కన మీరేమీ రాయలేదు."

"నాకు తెలియదు కాబట్టి రాయలేదు."

"అయితే నేను రాస్తున్నా." ఆయన కొడుతూ కొడుతూ పైకి చదివారు. "ఇది సూచికమ్మ గారు అడిగేది. నవ్వుతూ చెప్పాలి."

ఆవిడ నవ్వి ఫోను పెట్టెయ్యబోయారు. అంతలో వెనక తెల్లబోర్డు మీద మార్కరు కీచుమని ఒక గీత గీయడం, కొత్తాయన గొంతు సవరించుకుని ఆ గీత ఎవరి పేరున పడిందో గదికి ప్రకటించడం స్పష్టంగా వినిపించాయి. తలెత్తి చూస్తే దర్జీగారు అప్పటికే ఎడమ పాయ వెంబడి చాలా దూరం పోయి ఉన్నారు.